పాత షెవర్లే పికప్‌లో డ్యాష్‌బోర్డు కింది ఏసీ: బాగు చేయించాలా, మొత్తం మార్చేయాలా?

పాతపికప్71, డాలస్ దగ్గర:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1971 నాటి షెవర్లే సి10 పికప్ ఉంది, ఇంజను 350 వీ8. బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దానికి ఏసీ లేదు. ఆ రోజుల్లోనే ఎవరో బయట బిగించిన మార్క్ ఫోర్ అనే ఏసీ పెట్టె డ్యాష్‌బోర్డు కింద వేలాడుతూ ఉంది, దానికి జోడుగా ఇంజను మీద రెండు సిలిండర్ల యార్క్ కంప్రెసర్ ఉంది. బ్లోయర్ అన్ని వేగాల్లోనూ తిరుగుతోంది, స్విచ్చి వేస్తే కంప్రెసర్‌ను ఇంజనుతో కలిపే క్లచ్ పట్టుకుంటోంది, కానీ వచ్చేది ఉత్త గాలే. కంప్రెసర్ ముందు భాగమంతా నూనె జిడ్డు, ఆ జిడ్డు మీద దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది.

ఒక షాపులో చూపిస్తే, ఒత్తిడి చూపే గేజీలు పెట్టి చూడకుండానే పాతదంతా పీకేసి కొత్త కిట్ పెట్టించుకోమన్నారు. నాకు మనసొప్పడం లేదు. మార్క్ ఫోర్ ఏసీలను తయారుచేసిన జాన్ ఈ. మిచెల్ కంపెనీ ఈ డాలస్‌దే. అంతకుముందు వారు పత్తి జిన్నింగ్ యంత్రాలు చేసేవారు. గుంటూరు వైపు జిన్నింగ్ మిల్లుల మధ్య పెరిగినవాడిని కనుక, ఆ పెట్టెను చూసినప్పుడల్లా దాన్ని తీసిపారేయడం అన్యాయమనిపిస్తుంది. అయితే ఇక్కడ ఆగస్టులో ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, దాటడం మామూలే. పిల్లలతో కలిసి వెళ్లేటప్పుడు క్యాబిన్ నిజంగా చల్లబడాలి. ఆ పెట్టెను ఉంచుకుని, ఇప్పుడు దొరికే గ్యాసుతో సరిపడా చల్లదనం సాధించిన వారెవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

గేజీలపెట్టె, శాన్ ఆంటోనియో:

ముందుగా ఒక విన్నపం: ఆ ఏసీ స్విచ్చిని ఇక వేయకండి. ఆ కాలపు అమరికల్లో చాలావాటికి గ్యాసు తగ్గితే క్లచ్‌ను ఆపే ప్రెషర్ స్విచ్ ఉండేది కాదు కనుక, లోపల గ్యాసు ఉన్నా లేకపోయినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. యార్క్‌కు సొంత నూనె తొట్టి ఉండడం వల్ల అది ఇంతకాలం తట్టుకుని ఉండవచ్చు, కానీ ముందు భాగంలో మీరు చూసిన జిడ్డు షాఫ్ట్ సీలు కారుతోందనడానికి గుర్తు. గ్యాసుతో పాటు ఆ నూనె కూడా కొంత పోయినట్టే.

రెండవది, లోపల మిగిలి ఉన్నది ఏ గ్యాసో తెలియకుండా ఏ గొట్టమూ విప్పవద్దు. మొదట పోసింది ఆ కాలపు ఏసీ గ్యాసు ఆర్-12 అయి ఉండాలి. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తర్వాత, అమెరికాలో దాని తయారీ 1995 చివరితో ఆగిపోయింది. కొత్త కార్లు 1994 మోడళ్ల నాటికే ఆర్-134ఏ అనే మరో గ్యాసుకు మారిపోయాయి. ఆ తరువాత ఆర్-12 ఖరీదు పెరగడంతో, దానికి బదులుగా మండే స్వభావమున్న ప్రొపేన్ తరహా గ్యాసులను పాత బండ్లలో నింపినవారున్నారు. అది చట్టవిరుద్ధం. మీ బండి విషయంలో అంతకు మించిన ప్రమాదం, ఎందుకంటే ఆ తరం సి10లలో పెట్రోలు ట్యాంకు క్యాబిన్ లోపలే, సీటు వెనకాలే ఉంటుంది. కాబట్టి గ్యాసును గుర్తించే యంత్రం ఉన్న షాపుకు వెళ్లి పరీక్ష చేయించండి. మిగిలినది ఆర్-12 అయితే సెక్షన్ 609 సర్టిఫికెట్ (బండ్ల ఏసీ గ్యాసు పనికి అమెరికాలో కావలసిన అర్హత పత్రం) ఉన్న మెకానిక్ దాన్ని సిలిండరులోకి తీసుకోవాలి. గాలిలోకి వదిలేయడం 1992 నుంచి నిషిద్ధం.

గ్యాసు తీసిన తర్వాత, పెట్టెలోని ఎవాపరేటర్‌ను, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టను, విడిగా మూసి పొడి నైట్రోజన్‌తో సుమారు 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు ఒత్తిడి పెట్టి, ముల్లు దిగుతుందేమో చూడమనండి. మామూలు కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది కనుక దానితో చేయనివ్వవద్దు. బాగు చేయించాలా, మార్చాలా అన్న మీ ప్రశ్నకు జవాబు ఈ ఒక్క పరీక్షలోనే ఉంది. ఎవాపరేటర్ నిలబడితే పెట్టెను నిశ్చింతగా ఉంచుకోవచ్చు. రాగి గొట్టాలతో చేసిన ఆ కాలపు ఎవాపరేటర్లు దిట్టమైనవి, లోపల శుభ్రం చేయడానికి కూడా వీలైనవి.

కనపడే పెట్టెను ఉంచి, కనపడనివన్నీ మార్చమని నా సలహా. పాత రబ్బరు గొట్టాల గుండా ఆర్-134ఏ మెల్లగా బయటికి పోతుంది, అందువల్ల లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ గొట్టాలు కొత్తగా కట్టించాలి. మీ పెట్టె దగ్గర ఉన్నవి పాత ఫ్లేర్ ఫిట్టింగులైతే కొత్త గొట్టాలను వాటికి సరిపోయేలా చేయించండి. గ్యాసులోని తేమను పీల్చే డ్రయ్యర్ తప్పనిసరిగా కొత్తది కావాలి, ఎందుకంటే పాత దానిలోని తేమ పీల్చే పదార్థం ఆర్-12 కోసం ఎంచినది, ఇప్పటికే తేమతో నిండిపోయినది కూడా. ఎవాపరేటర్‌లోకి వెళ్లే గ్యాసును అదుపు చేసే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా మార్చండి. గ్యాసులోని వేడిని బయటికి వదిలే కండెన్సర్ విషయంలో అసలు పొదుపు చూడవద్దు. ఆర్-134ఏ వేడిని వదిలించుకోవడానికి ఎక్కువ వైశాల్యం కోరుతుంది కనుక, పాత ఒంటి గొట్టం వంపుల కండెన్సర్ స్థానంలో రేడియేటర్ ముందు పట్టినంత పెద్ద ప్యారలల్ ఫ్లో (పక్కపక్కనే చాలా సన్న దారులున్న) కండెన్సర్ పెట్టించండి.

కంప్రెసర్ మాత్రం మీ ఇష్టం. యార్క్‌కు కొత్త సీలు వేసి, పాత మినరల్ ఆయిల్ తీసి ఎస్టర్ ఆయిల్ పోస్తే ఆర్-134ఏతో పని చేస్తుంది. కానీ రెండు పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకునే ఆ అమరిక అదురు ఇంజను బ్రాకెట్ల మీద పడుతుంది. అయిదు పిస్టన్ల శాండెన్ కంప్రెసర్‌ను యార్క్ బ్రాకెట్ మీదే కూర్చోబెట్టే అడాప్టర్లు దొరుకుతాయి. రోజూ నడిపే బండి అయితే నేను రెండో దారినే ఎంచుకుంటాను.

తీరప్రాంతం, హ్యూస్టన్:

పై సలహా చాలా విలువైనదే, అయినా మరో వైపు కూడా చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. డ్యాష్‌బోర్డు కింది పెట్టె క్యాబిన్‌లోని గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. ముందు అద్దం మీదికి పొడి గాలిని పంపే దారి దానికి లేదు. మా వైపు వానాకాలపు ఉక్కలో ఆ అద్దం నిమిషాల్లో మసకబారుతుంది. హీటరూ, ఏసీ, అద్దానికి వెళ్లే గాలీ ఒకే పెట్టెలో ఉండే కొత్త కిట్ అయితే ముందు ఎవాపరేటర్ మీద తేమ పోయిన గాలి, ఆ తర్వాత అద్దం మీదికి వెళుతుంది. నేను నా 1968 ఫోర్డ్ ఎఫ్-100లో అందుకే మొత్తం మార్పించాను. గేజీలపెట్టె గారి ఊళ్లోనే ఉన్న వింటేజ్ ఎయిర్ కంపెనీ 1976 నుంచి ఇదే పనిలో ఉంది. ఇలాంటి కిట్లు మీ తరం సి10 కొలతలకు సరిపోయేలా తయారై వస్తాయి.

ఇంకొక సంగతి, బెంచి సీటు మధ్యలో కూర్చునే పిల్లవాడి మోకాళ్లు సరిగ్గా ఆ పెట్టె అంచుకే తగులుతాయి. మీరు పిల్లలతో వెళతామన్నారు కనుక, ఏ నిర్ణయం తీసుకునే ముందైనా వారిని కూర్చోబెట్టి చూడండి. కిట్ వైపు వెళితే పాత హీటరు పెట్టె తీసి, ఫైర్‌వాల్‌కు, అంటే ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడకు, ఉన్న ఆ రంధ్రాన్ని రేకుతో మూయవలసి ఉంటుంది. తీసిన భాగాలన్నీ భద్రపరచండి.

పాతపికప్71, డాలస్ దగ్గర:

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. గ్యాసు పరీక్ష చేసే యంత్రం ఉన్న మరో షాపుకు తీసుకెళ్లాను. మిగిలిన కొద్దిపాటి గ్యాసు కల్తీ లేని ఆర్-12 అని తేలింది, దాన్ని వారు పద్ధతిగా సిలిండరులోకి తీసుకున్నారు. నైట్రోజన్ ఒత్తిడికి ఎవాపరేటర్ నిలబడింది. యార్క్ సీలు దగ్గర మాత్రం సబ్బు నీళ్లకు బుడగలు వచ్చాయి.

హ్యూస్టన్ వారు చెప్పిన అద్దం సంగతి గురించి బాగా ఆలోచించాను. ఈ బండిని వానలో బయటికి తీయను, మా వైపు గాలి తీరప్రాంతమంత తేమగానూ ఉండదు. పిల్లలను కూర్చోబెట్టి చూశాను, చిన్నవాడికి ఇబ్బంది లేదు. కాబట్టి పెట్టెను ఉంచి, శాండెన్ కంప్రెసర్, కొత్త కండెన్సర్, గొట్టాలు, డ్రయ్యర్, వాల్వ్ వేయించాలని నిర్ణయించుకున్నాను. గ్యాసు ఎంత పట్టించాలన్నది ఒక సందేహం. పాత ఆల్టర్నేటర్ ఈ బరువు మోయగలదా అన్నది రెండోది.

గేజీలపెట్టె, శాన్ ఆంటోనియో:

మంచి నిర్ణయం. పాత ఆర్-12 లెక్కలో 80 నుంచి 85 శాతం బరువు ఆర్-134ఏ పోయాలన్నది సాధారణ సూత్రమే, కానీ కండెన్సరూ గొట్టాలూ మారిపోయాక ఆ పాత లెక్క మీకు మొదటి అంచనాకే పనికొస్తుంది. డ్రయ్యర్ మీది గాజు కిటికీలో బుడగలు పోయేదాకా గ్యాసు నింపే పాత అలవాటు ఆర్-134ఏకు పనికిరాదు, అలా చేస్తే ఎక్కువై పోతుంది. ముందుగా లోపలి గాలిని పంపుతో లాగేసి ముప్పావు గంటకు తగ్గకుండా వాక్యూమ్ పట్టించండి. 29 అంగుళాల వాక్యూమ్‌లో లోపలి నీరు గది వేడిమికే ఆవిరైపోతుంది. ఆ తర్వాత తూకం మీద కొద్దికొద్దిగా నింపుతూ గేజీలను చూడాలి. బయటి ఉష్ణోగ్రతను ఫారెన్‌హీట్‌లో తీసుకుని 2.2 నుంచి 2.5 మధ్య సంఖ్యతో గుణిస్తే హై సైడ్‌లో, అంటే కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే ఎక్కువ ఒత్తిడి వైపున, ఉండదగిన పీఎస్ఐ సుమారుగా వస్తుంది, అంటే 100 డిగ్రీల ఎండలో 220 నుంచి 250. ఎవాపరేటర్ నుంచి కంప్రెసర్‌కు తిరిగొచ్చే లో సైడ్ 30 దగ్గర నిలబడితే ఎవాపరేటర్ 35 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దగ్గరలో ఉన్నట్టు. బండి ఆగి ఉన్నప్పుడు మాత్రమే హై సైడ్ పైకి పోతుంటే, గ్యాసును తప్పుపట్టే ముందు ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ సరిగా ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఫ్యాన్ కండెన్సర్ గుండా గాలిని లాగలేదు.

ఆల్టర్నేటర్ మీద 37 ఆంపియర్లని ఉంటే అది చాలదు. బ్లోయరూ, క్లచ్చూ, రాత్రిపూట హెడ్‌లైట్లూ కలిసి దాన్ని దాటిపోతాయి. ఎక్కువ ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టించి, బ్లోయర్‌కు బ్యాటరీ నుంచి ఫ్యూజుతో విడి తీగ, రిలే వేయించండి. కొత్త గొట్టాలకు బైనరీ ప్రెషర్ స్విచ్ కూడా పెట్టించండి. గ్యాసు తగ్గినా, ఒత్తిడి మితిమీరినా అది క్లచ్‌ను ఆపేస్తుంది.

వీటన్నిటితో సమానంగా ముఖ్యమైనది మరొకటి ఉంది. మీ క్యాబిన్ పైకప్పు, వెనక గోడ ఉత్త ఇనుప రేకులు. వేసవిలో హీటర్ కోర్‌లో (హీటరు పెట్టెలోని చిన్న రేడియేటర్‌లో) కూడా వేడి నీళ్లు తిరుగుతూనే ఉంటాయి. హీటరు గొట్టానికి వేసవిలో మూసేందుకు ఒక వాల్వ్ వేయించండి. పైకప్పుకు, ఫైర్‌వాల్‌కు, నేలకు రేకు పూసిన మ్యాట్లూ వాటి మీద ఫోమూ అతికించండి. తలుపుల రబ్బర్లు మార్చండి. వెనక గోడకు అతికించేటప్పుడు మాత్రం ట్యాంకు బయటికి తీయించాకే పని మొదలుపెట్టండి, అక్కడ డ్రిల్ వాడనివ్వవద్దు. చలికాలంలో ఎండ కాసిన రోజు చూసుకుని నెలకోసారి ఏసీని పది నిమిషాలు నడపండి, షాఫ్ట్ సీలుకు నూనె అందుతూ ఉంటుంది.