రెనో 5 జీటీ టర్బోనా, ఫియట్ ఊనో టర్బోనా?

పాత_స్టీరింగ్ (బర్మింగ్‌హామ్): పిల్లలు చదువులకి వెళ్లిపోయారు, గరాజ్ ఖాళీ. రెండు బండ్లు చూసి పెట్టాను: 1988 రెనో ఫేజ్ 2 (1987లో మార్పులు చేసి వదిలిన మోడల్), 1987 ఊనో. తుప్పు, ఇన్సూరెన్స్, పార్ట్స్ సంగతి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కార్బ్_బాధితుడు: ఇన్సూరెన్స్ తర్వాత చూద్దువుగాని. ఎండాకాలం మోటార్‌వే మీద తొక్కుకుంటూ పోయి, బంకులో ఆపి, టీ తాగొచ్చి రెనో తాళం తిప్పు. స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజన్ అందుకోదు. పొగ పోయే వేడి గొట్టం, అదే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, దాని పక్కనే గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్, లోపల పెట్రోల్ ఆవిరైపోతుంది. వెనక వ్యాన్‌వాడు హారన్ మీద చెయ్యి తియ్యడు.

టర్బో_తాతయ్య: అది ఫేజ్ 1 జబ్బు. 1987లో టర్బోకి నీళ్ల కూలింగ్ ఇచ్చారు, 115 హెచ్‌పీ 120 అయింది. ఈ ఇంజన్లు నా చేతుల మీదుగా పోయినన్ని ఇక్కడ ఎవరి చేతుల మీదుగా పోలేదు.

కార్బ్_బాధితుడు: నాది ఫేజ్ 2నే తాతయ్యా! నీళ్లు చల్లబరిచేది టర్బో బేరింగుల్ని. కార్బ్యురేటర్‌కి ఏం ఒరిగింది?

టర్బో_తాతయ్య: కార్బ్యురేటర్‌లో పెట్రోల్ ఎంత నిలవాలో చూసే ఫ్లోట్ లెవెల్ సరిచెయ్యడం రానివాళ్లు కారుని తిడతారు.

ట్యూరిన్_సుబ్బు: అందుకే ఊనో అంటున్నా. బాష్ ఇంజెక్షన్, కార్బ్యురేటర్ గొడవే లేదు, వేడి మీదైనా తాళం తిప్పగానే లేస్తుంది. 105 హెచ్‌పీనే, ఒప్పుకుంటా. కావాలంటే 1989 తర్వాతది తీసుకో, 1372 సీసీ, గారెట్ టర్బో. ఫ్రెంచివాళ్లది 1960ల నాటి పుష్‌రాడ్ (కడ్డీలతో వాల్వులు తెరిచే పాత పద్ధతి) ఇంజన్, దానికి టర్బో తగిలించి గొప్పలు!

లియోన్_లక్ష్మి: ఆ పాత ఇంజనే మీ ఊనోని ఏడిపించింది సుబ్బుగారూ. ఇంకోటి, మా రెనో బాడీ గీసిన గాండినీ కూడా మీ ఇటలీవాడే.

ట్యూరిన్_సుబ్బు: మా ఊనో గీసింది జుజారో! 1984 యూరప్ కార్ ఆఫ్ ద ఇయర్ ఎవరిదో చూసుకోండి.

కొత్తగా_చేరా: 1981 మోంటే కార్లో ర్యాలీలో రాన్యోత్తి గెలిచింది ఈ రెనోతోనేనా?

లియోన్_లక్ష్మి: కాదు తమ్ముడూ. అది ఇంజన్ మధ్యలో పెట్టి వెనక చక్రాలు తిప్పే 5 టర్బో. జీటీకి ముందు చక్రాలే. ఆ 5 టర్బో ధర చూస్తే గుండె ఆగుతుంది. పాత_స్టీరింగ్ గారూ, కొనేముందు ప్లాస్టిక్ స్కర్టులు విప్పించి చూడండి, తుప్పంతా వాటి వెనకే. నాకు అమ్మినాయన విప్పనివ్వలేదు, తర్వాత తెలిసింది ఎందుకో.

అమీర్‌పేట_డీజిల్: మా నాన్నకి ఊనో 1.7 డీజిల్ ఉండేది. అద్దానికి ఒకటే వైపర్, అయినా వానలో ఏ లోటూ లేదు. టర్బోకీ ఒకటేనా?

ట్యూరిన్_సుబ్బు: ఒకటే.

టర్బో_తాతయ్య: వైపర్ల గోల ఆపండి. బాధితుడూ, ఆదివారం నీ బండి మా షెడ్డుకి తీసుకురా. వేడి మీద ఆపి, నీ ఎదురుగానే స్టార్ట్ చేసి చూపిస్తా.

కార్బ్_బాధితుడు: వస్తా. లేవకపోతే తొయ్యాల్సింది మీరే.