చర్చ: జంతువులకు జతకట్టే తెలివి పుట్టుకతో వస్తుందా, పెంపకంతోనా?

గోదారిగట్టు: నా లెక్కలో పుట్టుకతోనే. కోకిల పిల్ల కళ్లు తెరిచింది మొదలు చూసేది కాకినే, తినేది కాకి తెచ్చిందే. అయినా ఎదిగాక కాకి వెంట పడదు, కోకిలనే వెతుక్కుంటుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అనలేదు.

సందేహాలరాయుడు: కోకిల తరతరాలుగా పరాయి గూట్లో పెరిగే జాతండీ. పెంచినవాళ్లని చూసి జతను ఎంచుకుంటే దాని వంశమే మిగలదు. అదే కోతుల్ని చూడండి. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల నుంచి రీసస్ కోతిపిల్లల మీద ప్రయోగాలు చేశాడు. ఒంటరిగా పెరిగిన మగవాటికి కోరిక ఉంది గానీ ఒడుపు లేదు, ఆడదాని పక్కనుంచి ఎక్కబోయేవి. ఒంటరిగా పెరిగి తల్లులైనవాటిలో కొన్ని సొంత బిడ్డల్నే కొరికాయి.

గోదారిగట్టు: అది పెంపకం కాదు, చిత్రహింస. ఒంటరి కొట్లో పడేస్తే మనిషికైనా మతి పోతుంది.

సందేహాలరాయుడు: చిత్రహింసే, కాదనను. కానీ తల్లి లేకపోయినా తోటిపిల్లలతో ఆడుకుంటూ పెరిగినవాటికి ఈ తిప్పలు చాలావరకు లేవు. ఆ ఒడుపు ఆటల్లోనే వస్తోంది.

అమ్మమ్మదొడ్డి: మా దొడ్లో పొదిగే కోడిపెట్ట కింద బాతుగుడ్లు పెట్టారు. పిల్లలు చెరువు కనబడగానే దిగిపోయాయి. పెట్ట గట్టు మీద అటూఇటూ పరిగెడుతూ ఒకటే గోల. ఈత ఎవరూ నేర్పలేదు, అక్కడ గట్టుగారిదే గెలుపు. కానీ ఎదిగాక మగబాతు ఆడబాతుల్ని వదిలేసి కోడిపెట్టల మెడ పట్టుకునేది! అమ్మమ్మ చీపురుతో తరమడం రోజూ ఉండేదే. ఆడబాతులు మాత్రం పుంజు వంక కన్నెత్తి చూడలేదు. అన్నీ ఒకే పెట్ట పిల్లలే మరి.

అడవిదారి: దక్షిణాఫ్రికాలో క్రూగర్ అడవిలో మందల్ని తగ్గించాలని పెద్ద ఏనుగుల్ని కాల్చేసి, పిల్లల్ని ఆ దేశంలోనే పిలానెస్‌బర్గ్ అనే మరో అభయారణ్యానికి తరలించారు. ఎదిగిన కుర్ర మగవాటికి ఈడు రాకుండానే మదమెక్కింది. 1992–97 మధ్య 40కి పైగా తెల్ల ఖడ్గమృగాల్ని చంపేశాయి. 1998లో ఆరు పెద్ద మగ ఏనుగుల్ని తెచ్చి వదిలితే కుర్రవాటి మదం దిగింది, చంపడమూ ఆగింది. మదం ఒంట్లోదే, దానికి కళ్లెం మాత్రం పెద్దల చేతిలో ఉంది.

గోదారిగట్టు: సరే, ఏనుగుల దగ్గర తగ్గాను. మరి ఆ ఆడబాతులకు ఎవరు నేర్పారో ఒక్కరూ చెప్పరేం?