ఐదు వారాల పిల్లలను పెద్ద కోళ్లలో ఇప్పుడే కలపవచ్చా?

పర్లాకిమిడి పెరడు:
మా పెరట్లో ఏడు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. సంతలో పన్నెండు వనరాజా పిల్లలను కొన్నాను. ఐదు వారాలు నిండాయి. రెక్కలు బాగానే వచ్చాయి, మెడ మాత్రం ఇంకా బోసిగా ఉంది. నిన్న సాయంత్రం కలిపి వదిలితే ఎర్ర పెట్ట ఒక పిల్లను మూలకు తరిమి నెత్తి మీద పొడిచింది. గోరంత మేర తోలు లేచిపోయింది. పసుపు రాసి గంప కింద మూశాను. మా అత్తగారేమో, "రెండు రోజులు పొడిచి వాటంతట అవే ఊరుకుంటాయి, నువ్వు మధ్యలో దూరకు" అంటున్నారు. ఏం చేయమంటారు?

గుణుపురం రైతు:
మీ అత్తగారి మాటే నా మాట అమ్మా. కోళ్లలో ఎవరు పెద్దో తేలేదాకా పొడుచుకోవడం తప్పదు. ఎంత ఆలస్యం చేస్తే అంత పెద్ద గొడవ. చిన్నప్పుడే కలిపితే పిల్లలు తలవంచి తిరగడం నేర్చుకుంటాయి. మా తాతల నాటి నుంచి ఏ కోడికి ఎవరు గది కట్టారు?

రాయగడ మాస్టారు:
తాతల నాడు పిల్లలు తల్లి వెంట తిరిగేవి రైతు గారూ. పొడవడానికి వచ్చిన పెట్ట మీదికి తల్లి ఎగిరేది. ఈ పన్నెండింటికి తల్లి ఏది? కోళ్ల పెద్దరికపు వరుస గురించి నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్-ఎబ్బే 1920లలోనే రాశాడు. కానీ ఆ వరుస తేలాలంటే ఓడినది పారిపోగలగాలి. పిడికెడు పిల్ల ఎక్కడికి పారిపోతుంది?

అమ్మా, పెరటిలో ఒక మూల ఇనుప వల కట్టి పిల్లలను అందులో ఉంచండి. వలకు ఇటు పిల్లల గిన్నె, అటు పెద్దవాటి గిన్నె పెట్టండి. ఒకరినొకరు చూస్తూ తినాలి. కలిపే రోజున అన్నింటినీ ఒకేసారి వదలండి, ఒక్కొక్కటిగా వద్దు. పిల్లలు మాత్రమే దూరగల సందు ఒకటి ఉంచండి. పెద్దవాటికి గుడ్ల దాణా పెడుతుంటే అది పిల్లల నోట పడనివ్వకండి. అందులో కాల్షియం మూడున్నర నుంచి నాలుగు శాతం ఉంటుంది, పిల్లలకు ఒక శాతం చాలు. ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి. నూకలు, చోళ్లు వేసే ఇంట్లో ఈ బెంగ లేదు.

పాతపట్నం కోడలు:
నేను పర్లాకిమిడి ఆడపడుచునే, ఏరు దాటి ఇటు వచ్చాను. అందరూ ముక్కు గురించే మాట్లాడుతున్నారు, టీకా వేయించారా అని ఒక్కరూ అడగలేదేం? రెండేళ్ల క్రితం ఎండాకాలంలో నేనూ సంత పిల్లలను తెచ్చిన రోజే కలిపేశాను. వారం తిరిగేసరికి ఆకుపచ్చ రెట్టలు, మెడలు మెలితిరిగిపోవడం. కొక్కెర తెగులు. పిల్లలతో పాటు నాలుగేళ్లుగా గుడ్లు పెట్టిన పెట్టలూ పోయాయి. గంప ఎత్తి చూడటానికి భయపడిన ఉదయాలు అవి.

ఆ తెగులు బయటపడటానికి 21 రోజుల దాకా పట్టవచ్చు. అందుకే మూడు వారాలు పూర్తిగా వేరే ఉంచాలి. మాస్టారు చెప్పిన వల కూడా ఆ తర్వాతే. వల పొడుపును ఆపుతుంది కానీ రెట్టను, గాలిని ఆపదు. మొదటి వారంలో ఈ తెగులుకు కంట్లో వేసే లసోటా టీకా చుక్క పడిందో లేదో అమ్మినవారిని అడగండి. ఎనిమిదో వారంలో అదే తెగులుకు రెండో టీకా, ఆర్‌2బి సూది వేయించండి. సీసా ఒకసారి కలిపితే రెండు మూడు గంటల్లో వాడేయాలి, అందులో ఉండేదేమో 100 కోళ్లకు సరిపడా మందు. వీధిలో అందరినీ పోగుచేస్తే వృథా కాదు.

రాయగడ మాస్టారు:
ఒప్పుకుంటున్నానమ్మా, వల తొందరపడి చెప్పాను. ఇటు నుంచి అటే కాదు, అటు నుంచి ఇటూ ముప్పు ఉంది. పెద్ద కోళ్లు పైకి నిక్షేపంగా ఉంటూనే రెట్టలో కాక్సిడియా అనే పేగు పరాన్నజీవులను వదులుతాయి, పిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి.

గుణుపురం రైతు:
ఇన్ని తిప్పలెందుకు? ఈసారి ఒక రోజు పిల్లలను కొనండి. పొదుగు మీద మూడు వారాలు కూర్చున్న పెట్ట కిందికి చీకటి పడ్డాక చెయ్యి పెట్టి, గుడ్లు తీసి పిల్లలను దూర్చాలి. తెల్లారేసరికి కొక్కొక్కొక్ అంటూ రెక్క కిందికి పిలుస్తుంది. మా పెట్ట అలా తొమ్మిదింటిని పెంచింది. గులాబీ రంగు పూసి అమ్మిన పిల్లను మాత్రం తన్ని తరిమింది. దాన్ని మా మనవరాలు అటుకుల డబ్బాలో పెంచింది, అది వేరే కథ.

పాతపట్నం కోడలు:
ఆ పిల్లలకూ టీకా కావాలి రైతు గారూ. తల్లి రెక్క కింద సూది ఉండదు.

పర్లాకిమిడి పెరడు:
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. పిల్లలను వీధి వైపు పాత వంటింట్లో ఉంచాను. ఎనిమిదో వారం సూది పడింది. మా వీధివి మొత్తం 63 కోళ్లు పోగయ్యాయి. ఆ తర్వాత పది రోజులు వల, మొన్న వల తీసేశాను. ఎర్ర పెట్ట రెండుసార్లు మీదికి వెళ్లింది, పిల్లలు మాస్టారు చెప్పిన సందులోకి దూరిపోయాయి. పన్నెండూ ఉన్నాయి. నెత్తి పగిలినదానికి ఈకలు వచ్చాయి కానీ రాత్రిళ్లు మిగతావాటితో దండెం ఎక్కదు, రోటి మీదే పడుకుంటుంది.

అత్తగారు ఈ పొద్దున వాటికి నూకలు చల్లుతూ, "చూశావా, వాటంతట అవే ఊరుకున్నాయి" అన్నారు.