"పుట్టుకతో ఆటగాడు" అనడం పొగడ్తే కదా?

ప్రశ్న – సైడ్‌లైన్
అమెరికన్ ఫుట్‌బాల్ కామెంటరీలో నల్లజాతి ఆటగాడైతే "పుట్టుకతోనే వేగం" అంటారు, తెల్లవాడైతే "ఆటను భలే చదువుతాడు" అంటారు. రెండూ మెచ్చుకోళ్లే. ఇందులో వివక్ష ఎక్కడుంది? పైగా ఆ కుటుంబాలు పైకి రావడానికి ఆటే దారి చూపింది కదా?

నాలుగోడౌన్
పొజిషన్లు పంచేటప్పుడు తెలుస్తుంది ఆ పొగడ్త ఖరీదు. కాళ్లు వీడివి, బుర్ర వాడిది అని కోచ్ ముందే అనుకుంటే పరుగు మీద నడిచే రన్నింగ్ బ్యాక్, రిసీవర్, కార్నర్‌బ్యాక్ స్థానాలు ఒకరికి. ఎత్తులు నడిపే క్వార్టర్‌బ్యాక్, సెంటర్ ఇంకొకరికి. దీన్నే స్టాకింగ్ అంటారు. 1968లో డెన్వర్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌గా మార్లిన్ బ్రిస్కో అనే నల్లజాతి ఆటగాడు 14 టచ్‌డౌన్ పాసులు (స్కోరు తెచ్చే పాసులు) వేశాడు. మరుసటి ఏడాది బఫెలో జట్టులో అతన్ని రిసీవర్ని చేశారు! 1978లో రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ మ్యాచ్ గెలిపించిన మరో నల్లజాతి ఆటగాడు వారెన్ మూన్ క్వార్టర్‌బ్యాక్‌గానే ఆడాలని కెనడా వెళ్లాడు, ఎడ్మంటన్ జట్టుతో వరసగా 5 గ్రే కప్పులు (అక్కడి లీగ్ టైటిళ్లు) కొట్టాడు. "వాళ్లే ఆ పొజిషన్ ఎంచుకున్నారు" అనే వాదన నిలవదు. ఈ పంపకం స్కూలు జట్టులోనే మొదలవుతుంది, తనలాంటివాళ్లు ఎక్కడ ఆడుతుంటే పిల్లాడూ అటే పోతాడు.

మడమఎముక
వేగం నల్లవాళ్ల జన్యువుల్లోనే ఉందనే మాట ఎలాగూ వస్తుంది కాబట్టి ముందే చెప్తున్నా. 1936లో మాంటేగ్ కాబ్ అనే నల్లజాతి వైద్యుడు నల్లజాతి పరుగుల వీరుడు జెస్సీ ఓవెన్స్ కాళ్లు కొలిచాడు. "నీగ్రో లక్షణాలు" అని అప్పట్లో చెప్పుకున్న తీరు పిక్క, మడమ ఎముక అతనివి కావని తేల్చాడు. బుర్ర తక్కువన్న నమ్మకం మాత్రం కాగితాల మీదికే ఎక్కింది. తల దెబ్బలు తిన్న మాజీ ఆటగాళ్లకు ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఇచ్చే పరిహారంలో, నల్లవాళ్ల మెదడు చురుకుదనం మొదటినుంచే తక్కువన్న లెక్క వాడారు. మొదలే తక్కువైతే తర్వాత తగ్గిందని రుజువు చేయడం కష్టం, క్లెయిము పోతుంది. గొడవయ్యాక 2021లో మానేస్తామన్నారు.

సైడ్‌లైన్
ఆ పరిహారం సంగతి వింటే ఒళ్లు మండింది. మరి దారి సంగతి?

బెంచ్‌స్ట్రెంగ్త్
దారి ఉంది, సందంత సన్నం. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 30 జట్లు, ఒక్కోదానికి 15 మామూలు కాంట్రాక్టులు, మొత్తం 450. విదేశీయులూ అందులోనే. హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడే అబ్బాయిలు 5 లక్షలకు పైనే. కాలేజీ స్కాలర్‌షిప్ అంతకన్నా అందుబాటులో ఉన్న మెట్టు, అదీ మార్కుల దగ్గరే జారుతుంది. కాలేజీ ఆటల పై స్థాయి డివిజన్ 1 కు హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (అర్హతకు లెక్కించే ముఖ్య సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ (సగటు గ్రేడు) కావాలి. 16లో 10 హైస్కూలు ఆఖరి ఏడాదికి ముందే అయిపోవాలి. ఆ పదిలో 7 ఇంగ్లిష్, లెక్కలు, సైన్సువి. ఆఖరి ఏడాది మొదలయ్యాక ఆ పదింటిని మళ్లీ రాసి గ్రేడు పెంచుకోవడం కుదరదు. "వీడికి చదువెందుకు, ఎగురుతాడుగా" అని తేలిక కోర్సుల్లో కూర్చోబెడితే అవి కోర్ జాబితాలోనే ఉండవు, స్కూల్లో పాసైనా ఇక్కడ సున్నా. లెక్క తొమ్మిదో తరగతి నుంచే నడుస్తుంది. పదకొండో తరగతి అయ్యాక చూసుకుంటే చాలామందికి దిద్దుకునే వీలుండదు.