మొదట పంపింది ఎవరో తెలియాలంటే అందరి మెసేజుల మీదా గుర్తు వేయాలా?

గోపాలపట్నం_నివాసి:
సూటిగా అడుగుతున్నాను. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 50 లక్షలకు మించి వాడుకదారులున్న మెసేజింగ్ యాప్, కోర్టు గానీ ప్రభుత్వం గానీ ఆదేశిస్తే, ఫలానా మెసేజ్ దేశంలో మొట్టమొదట పంపింది ఎవరో చెప్పి తీరాలి. అలా చెప్పాలంటే ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవకుండా వేసే తాళం) తీసేయాల్సిందేనని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. నేను నిబంధన వైపే. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖలోని ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయారు. ఆ రోజు అర్ధరాత్రి ట్యాంకు మళ్లీ లీకవుతోందని, పేలిపోతుందని ఫోన్ల నిండా మెసేజులు. మా వైపు జనం చంటిపిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కారు. ఆ తొక్కిడిలో ఇంకో నలుగురు పోయి ఉంటే? అది మొదలుపెట్టినవాణ్ణి వదిలేయాలా?

మధురవాడ_టీచరమ్మ:
మీరు ఆ రాత్రి సంగతే ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మాట్లాడతాను. ఆ వేళ అగ్నిమాపక సిబ్బంది మళ్లీ లీకైందన్నారు. పోలీసులు అదేం లేదు, ముందుజాగ్రత్త మాత్రమే అన్నారు. రెండూ వార్తల్లో వచ్చాయి. అధికారుల మాటకే పొంతన లేని రాత్రి, చెవిన పడిందాన్ని భయంతో చెల్లెలికి పంపిన గృహిణి నేరస్థురాలెలా అవుతుందండీ?

అసలు ఆ ట్యాంకులో ఏముందో చుట్టుపక్కల ఎంతమందికి తెలుసు? స్టైరీన్‌ను చల్లగా ఉంచాలి. వేడెక్కితే దానంతటదే పాలిమర్‌గా మారుతూ ఇంకా వేడి పుట్టిస్తుంది. ఆ ఆవిరి గాలి కన్నా బరువు కాబట్టి నేలబారునే పాకుతుంది. ఈ ముక్కలు ముందే తెలిసి ఉంటే ఎటు పరుగెత్తాలో, ఎత్తైన చోటు ఎందుకు మంచిదో జనానికి అర్థమయ్యేది. చెప్పాలని చట్టం లేక కాదు. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదం గురించిన వివరాలు కార్మికులకే కాదు, పరిసరాల్లో ఉండే ప్రజలకూ యాజమాన్యమే తెలియజేయాలని అందులో ఉంది. జనానికి చెప్పాల్సింది చెప్పకుండా, జనం తమలో తాము చెప్పుకున్నదాని మీద నిఘా పెడతామంటే నేను ఒప్పుకోను.

సింధియా_మాజీనేవీ:
టీచరమ్మా, ఫ్యాక్టరీల విషయంలో మీ మాట కాదనను. కానీ మన విశాఖ తూర్పు నౌకాదళానికి ప్రధాన కేంద్రం. 2019 డిసెంబరులో 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఏడుగురు నావికులను అరెస్టు చేశారు. పాకిస్తాన్ వైపు వాళ్లు ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయం చేసుకుని, ఆ నావికుల నుంచి మన ఓడల కదలికలు రాబట్టారన్నది అభియోగం. ఓడలో ఉన్న వందల మంది ప్రాణాలు ఒక్క మెసేజ్ మీద ఆధారపడే రోజులివి. ప్రభుత్వానికి ఆ దారి ఒకటి ఉండాలి.

మధురవాడ_టీచరమ్మ:
సార్, ఆ కేసు దొరికినప్పటికి ఈ నిబంధన లేనే లేదు. మన రాష్ట్ర పోలీసు నిఘా విభాగం, నేవీ నిఘా విభాగం కలిసి అనుమానం ఉన్నవాళ్ల మీద కన్నేసి పట్టుకున్నాయి. ఆ తర్వాత నేవీ ఓడల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. రహస్యం ఎక్కడుందో అక్కడ తాళం వేసుకుంది. దానికి నేను నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. ఫలానా మనిషి మీద అనుమానం ఉంటే నిఘాకు ఐటీ చట్టం 69వ సెక్షన్ ఉండనే ఉంది. దేశ భద్రతకు సంబంధించిన సమాచారం ఇవ్వక్కర్లేదని సమాచార హక్కు చట్టమే 8(1)(ఎ)లో చెప్పింది.

డాబాగార్డెన్స్_షాపు:
మీ సెక్షన్లు నాకు తెలియవు. పోలీసులమని నమ్మించి మా నాన్నగారిని 'డిజిటల్ అరెస్ట్' అని వీడియో కాల్ ముందు కూర్చోబెట్టి, ఆయన దాచుకున్నదంతా ఊడ్చేశారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి డబ్బు ఖాతాలు మారిపోయింది. ప్రైవసీ, ప్రైవసీ అని మీరంటుంటే కడుపు మండుతోంది. అది దొంగకే పనికొచ్చింది.

మధురవాడ_టీచరమ్మ:
బాబూ, విని చాలా బాధేసింది. తప్పు ఆయనది కాదని ఇంట్లో అందరూ ఆయనతో చెప్పండి, అది చాలా అవసరం.

కోపం తెచ్చుకోకుండా వినండి. దొంగలు పంపినవన్నీ మీ నాన్నగారి ఫోన్లోనే ఉన్నాయి. అక్కడ పగలగొట్టాల్సిన తాళమేదీ లేదు. తేలాల్సింది ఆ ఖాతాలు ఎవరివి, ఆ సిమ్‌లు ఎవరి పేరు మీద తీశారు, బ్యాంకు ఎంత త్వరగా ఆపింది అన్నవి. మన కుర్రాళ్లను ఉద్యోగాలని చెప్పి కంబోడియాకు పంపి, అక్కడ వాళ్లచేత ఇలాంటి మోసాలే చేయించిన ముఠా ఏజెంట్లను 2024 మేలో మన నగర పోలీసులు పట్టుకున్నారు. బయటపడి వచ్చిన బాధితుడొకరు ధైర్యంగా నోరు విప్పితే కదిలిన కేసు అది.

ఇక ఈ 'మొదట పంపినవాడి' లెక్క. రేపు ఏ మెసేజ్ గురించి అడుగుతారో ముందు తెలియదు కాబట్టి, కోట్లాదిమంది పంపే ప్రతి మెసేజ్‌కూ ఒక గుర్తు వేసి దాచాలి. ఒక్క అక్షరం మారిస్తే ఆ గుర్తు మారిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపితే అది కొత్త మెసేజ్. అసలు పుట్టించినవాడు విదేశంలో ఉంటే? అప్పుడు మన దేశంలో తొలిసారి పంపినవారినే మొదటివారిగా లెక్కిస్తామని ఆ నిబంధనే చెబుతోంది. అంటే నేరగాడు తప్పుకుంటాడు, భయపడి ఫార్వార్డ్ చేసినావిడ దొరుకుతుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించి చేయకూడదు. ఇది మూడో దగ్గర తప్పుతోందని నా నమ్మకం.

నాకు ఇంకా బాధ కలిగించేది మరొకటుంది. 2023 డేటా రక్షణ చట్టం 44(3) సెక్షన్ ద్వారా సమాచార హక్కు చట్టం 8(1)(జె)ని మార్చారు. 2025 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. ఇదివరకు, ప్రజా కార్యకలాపంతో సంబంధం లేనిదో, అకారణంగా ఒకరి గోప్యతలోకి చొరబడేదో అయిన వ్యక్తిగత సమాచారమైతేనే నిరాకరించేవాళ్లు. ఇప్పుడు 'వ్యక్తిగతం' అన్న ఒక్క మాట చాలు. తనిఖీకి వచ్చిన అధికారి ఎవరు, ఏం సంతకం పెట్టాడు అని అడిగితే ఆ మాటే అడ్డం పెట్టవచ్చు. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వవచ్చనే 8(2) మిగిలే ఉంది గానీ, మొదట తూకం వేసేది మళ్లీ ఆ ఆఫీసే. అదే 2023 చట్టం 17వ సెక్షన్ కింద, భద్రత పేరుతో కేంద్రం ఏ ప్రభుత్వ సంస్థకైనా మినహాయింపు ఇచ్చుకోవచ్చు. గోప్యత ఆఫీసుకు కవచమై, పౌరుడికి మాత్రం లేకుండా పోతే ఎవరికి భద్రత?

గోపాలపట్నం_నివాసి:
గృహిణి సంగతి నిజమే, అంత దూరం ఆలోచించాలి. కానీ పసిపిల్లల మీద అఘాయిత్యాల వీడియోలు పంచుకునేవాళ్లకు కూడా ఇదే రక్షణా? ఇంకో మాట. ఆ రాత్రి లాంటిది మళ్లీ వస్తే జనం ఎవరి మాట నమ్మాలి?

మధురవాడ_టీచరమ్మ:
మొదటిదానికి నా దగ్గర సులువైన జవాబు లేదు. అందినవాళ్లు ఫిర్యాదు చేస్తే ఆ వీడియో, పంపిన నంబరు పోలీసుల చేతికి వస్తాయి. అక్కడి నుంచి ఒక్కో ఫోనూ పట్టుకుంటూ వెళ్లడం ఆలస్యమే. ఆ ఆలస్యం భరించమని ఆ పిల్లల తల్లిదండ్రులకు చెప్పడం నాకూ కష్టంగా ఉంది. అయినా అందరి ఫోన్ల మీదా గుర్తు వేయడానికి నా మనసు ఒప్పుకోదు.

రెండోదానికి దారి ఉంది. 2023లో ఫోన్లన్నీ పెద్దగా మోగి పరీక్షా హెచ్చరిక వచ్చింది కదా, ఆ సెల్ బ్రాడ్‌కాస్ట్‌కు మన నంబర్లు కూడా అక్కర్లేదు. టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది. ఎవరి గోప్యతా పోదు. దానికి ముందు, 1989 రసాయనాల నిబంధనల ప్రకారం జిల్లా యంత్రాంగం తయారు చేయాల్సిన ఆఫ్‌సైట్ అత్యవసర ప్రణాళిక (ప్రమాదం ఫ్యాక్టరీ గోడ దాటితే బయటి జనం కోసం ఏం చేయాలన్నది) మన వీధుల్లోకి రావాలి. తెలుగులో, వార్డు సచివాలయం గోడ మీద. దానికోసం కలెక్టరేట్‌కు సమాచార హక్కు దరఖాస్తు రాస్తున్నాను. మల్కాపురం, గాజువాక వైపు వాళ్లెవరైనా కలిస్తే తలా ఒక దరఖాస్తు వేద్దాం.

సింధియా_మాజీనేవీ:
మల్కాపురం నుంచి నేను వేస్తాను మేడమ్. నమూనా ఇక్కడ పెట్టండి. 69వ సెక్షన్ సరిపోతుందన్న మాట మీద మాత్రం మీతో ఇంకా వాదన ఉంది.

గోపాలపట్నం_నివాసి:
నాదీ ఒకటి రాసుకోండి. నిబంధన పూర్తిగా పోవాలని నేననను, పిల్లల కేసుల వరకైనా ఉండాలి. దాని మీద వేరే చర్చ పెడతాను.