హెచ్‌ఐవీ మందులు (ఏఆర్‌టీ) మొదలుపెట్టాక టీబీ గడ్డ పెరిగింది, ఎవరికైనా ఇలా అయిందా?

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 34 ఏళ్లు. మెడ దగ్గర గడ్డకు పరీక్ష చేస్తే టీబీ అని తేలింది, తర్వాత రక్తపరీక్షలో హెచ్‌ఐవీ కూడా బయటపడింది. రక్తంలో రక్షణ కణాల లెక్క (సీడీ4 కౌంట్) 62 మాత్రమే. ముందు టీబీ మందులు ఇచ్చి, 3 వారాలు ఆగి ఏఆర్‌టీ మొదలుపెట్టారు. జ్వరం తగ్గింది, అన్నం తింటున్నాడు, హమ్మయ్య అనుకున్నాం.

ఏఆర్‌టీ మొదలైన 12వ రోజు నుంచి మళ్లీ జ్వరం. రేగుపండంత ఉన్న గడ్డ నిమ్మకాయంత అయింది. ఎర్రబడింది, చొక్కా కాలర్ తగిలినా ఓర్చుకోలేకపోతున్నాడు.

డాక్టర్ గారు దీన్ని ఐరిస్ (రోగనిరోధక శక్తి కోలుకునేటప్పుడు వచ్చే వాపు) అంటారన్నారు. టీబీ క్రిమిని గుర్తుపట్టి మిగతా రక్షణ కణాలను దాని మీదికి ఉసిగొల్పేవి సీడీ4 టీ కణాలు. హెచ్‌ఐవీ చంపేది కూడా వాటినే. ఇప్పుడు వైరస్ అణిగి అవి కోలుకునేసరికి, ఇన్నాళ్లూ ఎదుర్కోలేకపోయిన క్రిమి మీద ఒక్కసారిగా విరుచుకుపడుతున్నాయట. వినడానికి మంచి కబురే. కానీ రాత్రి 103 జ్వరంతో వాడు వణుకుతుంటే చాలా టెన్షన్‌గా ఉంటోంది.

మందులేవీ ఆపలేదు, ఆపం కూడా. ఇది ఐరిసే, మందులకు లొంగని టీబీ కాదని మీ వాళ్ల విషయంలో ఎలా తేల్చారు? స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే ఎన్నాళ్లు వాడారు? గడ్డ తగ్గడానికి ఎంత కాలం పట్టింది? ఇది అనుభవించినవాళ్లు, ఇలాంటి రోగులను చూసిన డాక్టర్లు, నర్సులు దయచేసి చెప్పండి.