కాంచనబురి వార్ సిమెట్రీలో మన కూలీల పేర్లు ఎందుకు లేవు?

సిక్కోలు_చిన్నోడు:
బ్యాంకాక్ టూర్‌లో ఒక రోజు కాంచనబురి వెళ్లాం. అందరూ క్వాయ్ నది మీది రైలు వంతెన దగ్గర సెల్ఫీల్లో పడితే నేను రైల్వే స్టేషన్ దగ్గరున్న వార్ సిమెట్రీకి వెళ్లాను. గడ్డి ఎంత నీట్‌గా ఉందంటే చెప్పులతో తొక్కడానికి మొహమాటమేసింది. దాదాపు 7 వేల సమాధులు, బ్రిటిష్, ఆస్ట్రేలియా, డచ్ సైనికులవి. ఒక ఫలకం మీద వయసు 22 అని ఉంది, పక్కన ఎవరో పెట్టిన పూలు ఎండకి వాడిపోయాయి. మా తాతకి అన్న ఒకాయన మలయా (ఇప్పటి మలేషియా) రబ్బరు తోటకి వెళ్లాడట, రెండో ప్రపంచ యుద్ధంలో జపానోళ్లు థాయిలాండ్ నుంచి బర్మాకి వేసిన రైలు లైను పనికి పట్టుకుపోయాక మళ్లీ కబురు లేదట. అలాంటివాళ్ల పేరు ఒక్కటీ కనబడలేదు, ఎందుకని?

పాత_కాగితాలు:
తమ్ముడూ, అది సైనికుల కోసం కట్టింది. ఆ రైలు లైను 415 కిలోమీటర్లు, 1942 జూన్‌లో మొదలెట్టి 1943 అక్టోబర్‌కల్లా కలిపేశారు. ఆ పనిలో యుద్ధ ఖైదీలు, అంటే జపానోళ్లకి పట్టుబడ్డ సైనికులు, 12 వేలకు పైగా పోయారు. కూలీలు, అంటే తమిళులు, తెలుగువాళ్లు, మలయ్, జావా, బర్మా వాళ్లు అంతకు ఎన్నో రెట్లు పోయారు, 90 వేల దాకా అని అంచనా. సైనికులకి ఆఫీసర్లున్నారు, ఎవరిని ఎక్కడ పాతారో దొంగచాటుగా అయినా రాసిపెట్టుకున్నారు, యుద్ధం అయ్యాక వెతికి తెచ్చి ఇక్కడ పెట్టారు. కూలీల క్యాంపులో రాసేవాడెవడు? కలరా వస్తే అందర్నీ ఒకే గోతిలో వేయడమే.

రైలుపిచ్చి:
నిజమే గానీ ఖైదీలదీ నరకమేనండి. ఆ సిమెట్రీలోనే రెండు సమాధుల్లో 300 మంది బూడిద ఉంది, ఎక్కువమంది 1943 మే, జూన్‌లలో కలరాతో పోయినవాళ్లే. వాళ్ల మీద కోపమెందుకు?

సిక్కోలు_చిన్నోడు:
కోపం కాదండి. ఆ 300 మంది పేర్లు మంటపంలో చెక్కి ఉన్నాయి, నేను చదివాను. బూడిదైనా పేరు దక్కింది కదా, అదే నా బాధ.

పెనాంగ్_అక్క:
ఆ ఊళ్లోనే వాట్ థావోన్ అని బౌద్ధ గుడి ఉంది బాబూ. కూలీల కోసం మా మలేషియా వాళ్లు అక్కడ ఒక రాయి నిలబెట్టారు, తమిళంలో నడుకల్ అంటారు, మన పల్నాడు వీరగల్లు లాంటిదే. పేర్లు మాత్రం ఉండవు.

సిక్కోలు_చిన్నోడు:
అయ్యో, అంత దూరం వెళ్లి చూడకుండా వచ్చేశానా! నవంబర్‌లో మా బావ వెళ్తున్నాడు, చెప్తాను. అక్కడ కొబ్బరికాయ కొట్టనిస్తారా అక్కా?